కొలువు దేశమంతటా – పిల్లలు ఏ రాష్ట్రానికీ చెందరా?



కరువు భత్యం, పింఛను, ఖాళీల భర్తీ వంటి సమస్యలు తల మీద ఉండగా వైద్య కళాశాలల సీట్ల గొడవ మన బులెటిన్‌కు ఎందుకని కొందరు మిత్రులు అడుగవచ్చు. అడిగేవారిలో ఎక్కువమంది స్వరాష్ట్రంలోనే పనిచేస్తున్నవారై ఉంటారు. ఢిల్లీ చుట్టుపట్ల కొలువు చేస్తున్న తెలుగు ఉద్యోగిని అడిగి చూడండి. పిల్ల తొమ్మిదవ తరగతిలో చేరిన నాటి నుంచే ఆ ఇంట ఈ గొడవ మొదలవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నల్లగొండ జిల్లాకు చెందిన యువకుడు రైల్వే రిక్రూట్‌మెంటు బోర్డు పరీక్ష వ్రాసి ఉత్తర రైల్వేకు ఎంపికైనాడు. ఢిల్లీ డివిజనులో నాలుగు స్టేషన్లు తిరిగి గురుగ్రామ్ చేరినాడు. సర్వీసు రికార్డులో స్వస్థలం నల్లగొండ అనే ఉన్నది. స్వంత విన్నపంపై దక్షిణ మధ్య రైల్వేకు బదిలీ కోరి, సీనియారిటీ అట్టడుగుకు పోయినా సమ్మతమేనని వ్రాసియిచ్చి, ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నాడు. తపాలా సోదరులకైతే ఈ నిరీక్షణ ఎట్టిదో వివరించనక్కరలేదు. రూల్ 38 అంటే చాలును. ఈలోగా అతని కుమార్తె గురుగ్రామ్‌లోనే తొమ్మిది నుంచి పన్నెండు వరకు చదివి, నీట్ పరీక్ష వ్రాసి, అఖిల భారత స్థాయిలో 50,000వ ర్యాంకు తెచ్చుకున్నది. పరీక్షకు కూర్చున్న ఇరవై రెండు లక్షల మందిలో అది ఎన్నదగిన ర్యాంకు. తెలంగాణ స్థానికుల వరుసలో ప్రభుత్వ సీటుకు ధైర్యంగా ఆశపడదగిన ర్యాంకు. కాని ఆ అమ్మాయి ఆ వరుసలో నిలువరాదట! స్థానికురాలు కాదట!

ఈ "కాదట" వెనుక ఉన్న యంత్రాంగాన్ని విప్పి చూడవలసి ఉన్నది.

నీట్ పరీక్షలో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. వచ్చిన మార్కులను బట్టి దేశమంతటికీ ఒకే ర్యాంకుల పట్టిక. ఇంతకంటే నిష్పాక్షికమైన తూకం ఉండదని పాలకులు చెబుతూ వచ్చారు. ఆ తూకపు రాయి ఎంత గట్టిదో 2024లో దేశం చూసింది. ఆ ఏడు జూన్ 4న ఫలితాలు వెలువడగానే 67 మందికి 720కి 720 వచ్చినట్లు తేలింది. గురుగ్రామ్‌కు పొరుగు జిల్లా అయిన ఝజ్జర్‌లో, బహాదుర్‌గఢ్‌లోని ఒకే కేంద్రం నుంచి వారిలో ఆరుగురు! పరీక్షా సమయం నష్టమైందన్న కారణంతో 1,563 మందికి కలిపిన అదనపు మార్కులను సుప్రీంకోర్టులో విచారణ జరుగుతుండగా రద్దు చేయవలసి వచ్చింది. జూన్ 23న వారికి మళ్లీ పరీక్ష పెట్టగా 813 మందే హాజరైనారు. అటుపిమ్మట పరమాణువులను గురించిన ఒక్క ప్రశ్నకు పాత ముద్రణ పాఠ్యపుస్తకం ఒక జవాబు, కొత్త ముద్రణ వేరొక జవాబు చెబుతున్నవని తేలి, నాలుగు లక్షల మందికి పైగా విద్యార్థులకు ఒక్కొక్కరికి ఐదేసి మార్కులు తగ్గినవి. 67 మంది ప్రథములు చివరకు 17 మంది అయినారు. ప్రశ్నపత్రం బయటికి పొక్కిన సంగతి సరేసరి. బీహారులో, ఝార్ఖండ్‌లో జరిగిన అరెస్టులను గురించి పత్రికలలో చదివినదే. పరీక్షను పూర్తిగా రద్దు చేయుటకు సుప్రీంకోర్టు అంగీకరించలేదు. అది న్యాయస్థానం నిర్ణయం. ఐదు మార్కులతో వేల ర్యాంకులు తారుమారయ్యే పట్టికను ప్రతిభకు తుది తీర్పుగా చూపే హక్కు మాత్రం పాలకులకు లేదు.

అయినను పరీక్షే వద్దని మేము అనడం లేదు. పరీక్ష లేని రోజులలో ఏమి జరిగిందో తెలుగువారికి బాగా తెలుసును. డొనేషన్ల దందాను అరికట్టడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో కాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం తేవలసి వచ్చింది. చట్టం వచ్చిన తొమ్మిదేళ్లకే, 1992లో, ప్రైవేటు వైద్య, దంత వైద్య కళాశాలలకు అనుమతుల పందేరం జరిగి, హైకోర్టు దానిని కొట్టివేయగా ముఖ్యమంత్రి పదవే పోయింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో తీర్పు చెప్పింది కూడ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన వివాదం మీదనే. కనుక ర్యాంకు అన్నది లేకపోతే డబ్బు సంచియే ర్యాంకు అవుతుందని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. మన అభ్యంతరం వేరు. ర్యాంకు వచ్చిన తరువాత కూడ డబ్బు సంచి ఎక్కడికీ పోలేదు. రెండవ ద్వారం వద్ద కూర్చున్నది.

2025లో నీట్‌లో అర్హత పొందినవారు పన్నెండు లక్షల ముప్ఫైఆరు వేల మంది. దేశంలోని ఎం.బి.బి.ఎస్. సీట్లు ఇంచుమించు లక్షా ఇరవై వేలు. అనగా సీటు ఒకటికి అర్హులు పదిమంది. జనరల్ కోటాలో అర్హతకు కావలసిన మార్కులు 720కి 144. నూటికి ఇరవై! ఇంత తక్కువ గీత ఎందుకు గీస్తారు? కార్మికుని బిడ్డ మీద దయచేత కాదు. 144 మార్కులతో ప్రభుత్వ కళాశాల గేటు కూడ కనపడదు. లక్షలకు లక్షలు ఫీజు ఉన్న సీట్లు భర్తీ కావాలంటే, ఆ ఫీజు కట్టగలవాడు ఎంత దిగువన ఉన్నా అర్హుడు కావాలి. అదీ అసలు రహస్యం. స్నాతకోత్తర కోర్సులలో ఈ పాటి సిగ్గు కూడ మిగలలేదు. సీట్లు ఖాళీగా ఉన్నవని 2023లో నీట్ పి.జి. అర్హతను సున్న పర్సంటైలుకు దించినారు. పరీక్ష హాలులో కూర్చుంటే చాలునన్నమాట. రిజర్వేషన్ల మాట రాగానే ప్రతిభ మంటగలిసిపోయిందని గుండెలు బాదుకొనే పెద్దమనుషులు ఆనాడు ఎక్కడ ఉన్నారో!

ప్రభుత్వ కళాశాలలు మాత్రం ఏపాటి మడి కట్టుకున్నవి? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 జూలైలో 107, 108 నంబరు జీవోలు ఇచ్చి, విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో కొత్తగా తెరిచిన ప్రభుత్వ వైద్య కళాశాలలలో రాష్ట్ర కోటా సీట్లను మూడు భాగాలు చేసింది. సగం సీట్లకు మామూలు ఫీజు, 35 శాతం సీట్లకు ఏటా 12 లక్షలు, మిగిలిన 15 శాతం ప్రవాస భారతీయుల పేర ఏటా 20 లక్షలు. ప్రజల భూమి మీద, ప్రజల డబ్బుతో కట్టిన కళాశాలలో సగం సీట్లు అంగడి సరుకైనవి. ప్రభుత్వాలు మారినా ఈ దారి మారలేదు. 2025లో మరి పది కళాశాలలను ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యమని ప్రైవేటు చేతులకు అప్పగించ పూనుకున్నారు.

ఈ ప్రవాస భారతీయ కోటా మీద మన దృష్టి నిలవాలి. డాలర్లు ఆర్జించడానికి సముద్రం దాటినవాని బిడ్డకు, కొన్ని చోట్ల వాని మేనల్లునికి కూడ, సీట్లలో 15 పాళ్లు విడిగా కేటాయించి ఉంచారు. పంజాబు ప్రభుత్వం ఆ బంధుత్వాన్ని మేనత్తల, మేనమామల దాకా సాగదీయగా, 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మోసమని నిరసించవలసి వచ్చింది. భారత ప్రభుత్వపు కొలువు కోసం నల్లగొండ నుంచి గురుగ్రామ్‌కు పోయినవాని బిడ్డకు ఉంచినదెంత? సున్న!

ఇక స్థానికత సంగతి. ఇక్కడ తొందరపడి మాట తూలకూడదు. 1969, 1972 ఉద్యమాల అనంతరం ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371–డి అధికరణం, 1974 రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చినవి. నాలుగేళ్లు అక్కడ చదివినవాడే స్థానికుడన్న నియమం ఆ పోరాటాల ఫలం. వెనుకబడిన ప్రాంతపు బిడ్డను కోస్తా పట్టణాల కోచింగు దుకాణాల నుంచి కాపాడిన నియమమది. దానిని కూల్చమని అడిగేవాడు కార్మికవర్గ పక్షపాతి కాడు. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో 33వ నంబరు జీవో ద్వారా, తొమ్మిది నుంచి పన్నెండు వరకు రాష్ట్రంలోనే చదివి అర్హత పరీక్ష అక్కడే ఉత్తీర్ణులైనవారే స్థానికులని గట్టిగా బిగించింది. వ్యాజ్యం హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకు చేరింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నియమం చెల్లునని తీర్పు చెప్పింది.

అయితే విచారణలో ప్రభుత్వమే కొన్ని మినహాయింపులకు ఒప్పుకున్నది. రాష్ట్రం వెలుపల పనిచేసిన తెలంగాణ ప్రభుత్వోద్యోగుల పిల్లలు, తెలంగాణ కేడరుకు చెందిన ఐ.ఎ.ఎస్., ఐ.పి.ఎస్. తదితర అఖిల భారత సర్వీసుల వారి పిల్లలు, స్వస్థలం తెలంగాణ అని నమోదు చేసుకున్న సైనికుల, కేంద్ర సాయుధ పోలీసు బలగాల వారి పిల్లలు, దేశంలో ఎక్కడికైనా బదిలీ కాగల రాష్ట్ర ప్రభుత్వ సంస్థల ఉద్యోగుల పిల్లలు బయట చదివినా స్థానికులే.

మరి మనమో? రైల్వే లేదు. తపాలా లేదు!

కలెక్టరు ఢిల్లీకి డెప్యుటేషనుపై పోతే ఆయన కుమారుడు స్థానికుడు. ఆయన ఎక్కిన రైలుకు సిగ్నలు ఇచ్చినవాని కుమార్తె పరదేశి. జవానుకు స్వస్థల నమోదు చెల్లుతుంది. చెల్లవలసినదే, ఎవరూ కాదనరు. ఆ జవాను పంపిన మనియార్డరును ఇంటికి చేర్చిన తపాలా ఉద్యోగి స్వస్థల నమోదు ఎందుకు చెల్లదు? ఎల్.టి.సి. మంజూరు చేయడానికి ఏ స్వస్థలం చాలునో, అదే స్వస్థలం సీటు దగ్గర చాలదా? ఇది కొత్తగా పుట్టిన అన్యాయం కూడ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1979 నాటి 646 నంబరు ఉత్తర్వు, స్థానికేతరులకు ఉంచిన 15 శాతం సీట్లకు కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలను అర్హులను చేసింది. కాని ఆ ఉద్యోగం రాష్ట్రంలోనే చేస్తుండాలన్నది. సరిహద్దు దాటిన ఉద్యోగి ఆనాడే మరుగున పడినాడు.

"పిల్ల అక్కడే చదివింది గదా, అక్కడే సీటు అడుక్కోవచ్చును" అనేవారున్నారు. అడుగుదాం. గురుగ్రామ్ జాతీయ రాజధాని ప్రాంతంలో ఉన్నది గనుక ఢిల్లీ కోటా వర్తిస్తుందని చాలామంది భ్రమ. వర్తించదు. పదకొండు, పన్నెండు తరగతులు ఢిల్లీ సరిహద్దు లోపలి పాఠశాలలోనే చదివి ఉండాలి. తండ్రి పనిచేసేది న్యూఢిల్లీ స్టేషనులోనైనా, అద్దె భరించలేక గురుగ్రామ్‌లో కాపురముంటే పిల్లకు ఢిల్లీ లేదు. హర్యానా తలుపు తట్టాలంటే నివాస ధ్రువపత్రాల చిక్కు సరే, తలుపు తెరుచుకున్న తరువాత బాండు ఎదురవుతుంది. ఆ ప్రభుత్వం 2020లో ప్రవేశపెట్టిన విధానం మొదట నలభై లక్షల దాకా పోయింది. 2022 నవంబరులో రోహ్‌తక్ విద్యార్థులు రోడ్డెక్కిన పిమ్మట ముప్ఫై లక్షలకు, ఏడేళ్ల నిర్బంధ సేవ ఐదేళ్లకు తగ్గింది. ఇక గురుగ్రామ్ సంగతి! విదేశీయులు సైతం విమానాలలో వచ్చి చికిత్స చేయించుకొనే కార్పొరేటు ఆసుపత్రులున్న నగరం అది. అక్కడ తలపెట్టిన ప్రభుత్వ వైద్య కళాశాల కట్టడం ఏళ్ల తరబడి సాగి, 2025 నాటికి కూడ తరగతులు మొదలు కాలేదు.

మిగిలినది అఖిల భారత కోటాలోని 15 శాతం. 50,000 ర్యాంకుతో జనరల్ అభ్యర్థికి అక్కడ దక్కేది ఏమీ లేదు. ఒకే మార్కులు, ఒకే ర్యాంకు. నల్లగొండలో చదివిన పెదనాన్న కూతురు డాక్టరు, గురుగ్రామ్‌లో చదివిన చిన్నాన్న కూతురు మరుసటి ఏడు మళ్లీ కోచింగు.

ర్యాంకును అందరికీ ఒకే విధంగా చదివి తీరాలన్న శాసనమేమీ లేదు. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు తమిళనాడు 2020లో 7.5 శాతం సీట్లు విడిగా ఇచ్చింది. ఫరీదాబాదులోను, హైదరాబాదు సనత్‌నగర్‌లోను ఉన్న ఇ.ఎస్.ఐ. వైద్య కళాశాలలలో చందా కట్టే కార్మికుల పిల్లలకు ప్రత్యేక కోటా ఉన్నది. కార్మికుల చందాతో కట్టిన కళాశాల గనుక ఇది న్యాయమైనదే. మనకు మాత్రం అటువంటి కళాశాలే లేకుండా పోయింది. 2009–10 రైల్వే బడ్జెటులో రైల్వే ఆసుపత్రులకు అనుబంధంగా 18 వైద్య కళాశాలలు నెలకొల్పుదుమని పార్లమెంటులో ప్రకటించారు. జాబితాలో హైదరాబాదు కూడ ఉన్నది. లాలాగూడ ఆసుపత్రిలో మన వాళ్లు చాలాకాలం ఆ మాటే చెప్పుకున్నారు. బడ్జెటు ప్రసంగం పుస్తకంలోనే ఉండిపోయింది, తరువాత ప్రత్యేక రైల్వే బడ్జెటే 2017తో అంతరించింది.

మనం కోరేది సీట్ల పెంపకం కాదు, ఇతరుల వాటా అసలే కాదు. తెలంగాణ మినహాయింపుల జాబితాలో సాయుధ బలగాల సరసన, స్వస్థలం నమోదు చేసుకున్న రైల్వే, తపాలా ఉద్యోగులను చేర్చాలి. ఆంధ్రప్రదేశ్ కూడ ఇట్టి నియమాన్నే చేయాలి. పిల్లలు బయట చదివిన సంవత్సరాలకు, తండ్రి లేక తల్లి బయట పనిచేసిన సంవత్సరాలకు పొంతన ఉండాలన్న షరతు సైనికులకు పెట్టినట్లే మనకూ పెట్టవచ్చును. దొంగ ధ్రువపత్రాలకు తావివ్వరాదు. రాష్ట్ర ప్రభుత్వాలకు వ్రాయవలసినదిగా రైల్వే బోర్డు మీద, తపాలా డైరెక్టరేటు మీద జె.సి.ఎం. వేదికలో ఒత్తిడి తేవాలి. అది తమ పరిధిలోది కాదని అధికారులు చేతులు దులుపుకోబోతారు. ఉద్యోగిని గురుగ్రామ్‌కు పంపడం ఎవరి పరిధిలోదని వారిని అడగాలి.

ఊహాగానాలతో చర్చకు కూర్చుంటే నవ్వులపాలవుతాం. కావున తెలుగు సభ్యులున్న ప్రతి శాఖ కార్యదర్శి, ముఖ్యంగా ఢిల్లీ, అంబాలా డివిజన్ల వారు, హర్యానా తపాలా సర్కిలు వారు, ఎనిమిదవ తరగతి దాటిన పిల్లలున్న సభ్యుల వివరాలు సేకరించాలి. సర్వీసు పుస్తకంలో స్వస్థలం నమోదైన పుట నకలు, నియామక లేక బదిలీ ఉత్తర్వు నకలు, పిల్లల చదువు ధ్రువపత్రాలు, పెండింగులో ఉన్న స్వరాష్ట్ర బదిలీ దరఖాస్తు తేదీ. ఈ నాలుగు కాగితాలు వచ్చే కౌన్సెలింగు ప్రకటన వెలువడక పూర్వమే కేంద్ర కార్యాలయానికి చేరాలి. సర్వీసు పుస్తకంలో స్వస్థలం గడి ఖాళీగా ఉన్న సభ్యులు ఈ నెలలోనే నింపించుకోవాలి.