పిల్లాడికి చదరంగంలో జత ఎవరు?

ఈరోజు పంట సంగతి కాదు, చదరంగం సంగతి. కోతలయ్యాక రచ్చబండ మీద బోర్డు పరిచే ఊళ్ళు మనవి. ఇప్పుడు పిల్లలు ఫోన్లోనూ ఆడుతున్నారు, కొందరు తండ్రులు టోర్నమెంట్లకూ తీసుకెళ్తున్నారు. సంతోషమే. కానీ వాణ్ణి ఎవరితో ఆడిస్తున్నామన్నది ఎవరూ పట్టించుకోవట్లేదు.

"మావాడు ఊళ్ళో అందర్నీ కొట్టేస్తాడు" అని చెప్పుకుంటాం. నన్నడిగితే అక్కడే ఆట ఆగిపోద్ది. ఆట రానివాళ్ళతోనే ఆడే పిల్లాడు రెండో ఎత్తుకే మంత్రిని బయటికి తీస్తాడు, నాలుగో ఎత్తుకి ఆట కట్టిస్తాడు. చుట్టూ చప్పట్లు. అదే పని కాస్త తెలిసినవాడి దగ్గర చేస్తే, అవతలివాడు గుర్రాన్ని దింపి మంత్రిని తరుముతాడు. తరిమిన ప్రతిసారీ వాడి పావు ఒకటి మంచి చోటికి వస్తది, మనవాడి మంత్రి పరుగులు పెడుతూనే ఉంటది. మిగతా పావులు ఇల్లు కదలవు.

అలాగని మరీ పెద్ద ఆటగాడి ముందు రోజూ కూర్చోబెట్టడానికీ నేను ఒప్పుకోను. ఇరవై ఎత్తుల్లో ఓడిపోతాడు, ఎక్కడ పోయిందో వాడికే తెలీదు. కొత్త కోడెను కాడికి అలవాటు చేసేటప్పుడు ఏం చేస్తాం? ఇంకో కొత్త కోడెతో కట్టం, పందెపు ఎద్దుతోనూ కట్టం. సాలు తెలిసిన నిదానపు ఎద్దుతో కడతాం.

చెస్‌లో ఈ బలాన్ని రేటింగ్ అని అంకెల్లో చెబుతారు. ఇద్దరి మధ్య 200 తేడా ఉంటే, తక్కువవాడికి పది ఆటల్లో రెండున్నర పాయింట్ల దాకా రావాలని లెక్క. 400 ఉంటే ఒక్క పాయింటు కూడా గగనమే. అందుకే 100, 200 పైనున్నవాళ్ళతో ఎక్కువ ఆడించమంటాను. సమానులతో కొన్ని, కిందివాళ్ళతో అప్పుడప్పుడు. గెలవాల్సిన ఆటను గెలిచి ముగించడమూ నేర్చుకోవాల్సిన పనే కదా. మన వరంగల్ అర్జున్ ఎరిగైసి 2024లో 2800 దాటాడు. ఆ ఏడాది తనకంటే తక్కువ రేటింగ్ వాళ్ళుండే ఓపెన్ టోర్నమెంట్లు కూడా ఆడాడు. ఆ స్థాయిలో 250 తక్కువున్నవాడితో డ్రా అయినా మూడు పాయింట్లు కోత పడతది, తేలిక అనుకోకండి.

ఇక టోర్నమెంట్ సంగతి. అక్కడ ఎక్కువగా స్విస్ పద్ధతి. మొదటి రౌండులో రేటింగ్ వరసన పై సగాన్ని కింది సగంతో కలుపుతారు, రేటింగ్ లేని మన పిల్లాడికి పెద్దవాడే తగులుతాడు. పొద్దున ఒకటి పోయింది, మధ్యాహ్నం ఇంకోటి పోయింది, "డబ్బులు దండగ" అని తండ్రి బస్సెక్కిస్తాడు. అయ్యా, ఆగండి! ఒకే పాయింట్లున్నవాళ్ళను కలపడమే ఆ పద్ధతి. తనలాంటివాళ్ళు ఎదురయ్యేది మూడో రౌండు నుంచే, మీరు ఫీజు కట్టింది ఆ ఆటల కోసమే. ఓడినప్పుడు, గెలిచినవాణ్ణే "అన్నా, ఎక్కడ పోయింది?" అని అడగమనండి. చాలామంది కూర్చుని చూపిస్తారు.

ఈ సంక్రాంతి సెలవుల్లో మా రచ్చబండ దగ్గర పిల్లల్ని బలం చూసి జతలు కడుతున్నాం. పక్క ఊళ్ళ పిల్లల్నీ పంపండి. బోర్డులున్నాయి, గడియారం మాత్రం ఒక్కటే ఉంది. ఉన్నవాళ్ళు తెచ్చుకోండి.