ఎనభై వేలా? ముందు కొలిచి చూడరా అబ్బాయ్!

మొన్నీమధ్య ఒక ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, నువ్విచ్చిన కంప్యూటర్ ముసలిదైపోయిందంట. కొత్తది ఎనభై వేలంట. వచ్చే నెల వీడి కాలేజీ ఫీజు కట్టాలి. నువ్వే ఏదో ఒకటి చెప్పు వీడికి." వెనకనించి బావ గొంతు: "ఆటలకి ఎనభై వేలేంటి? ఆ డబ్బా అమ్మి పారెయ్యమను!"

ఆ డబ్బా 2017లో సికింద్రాబాద్ సీటీసీలో విడిభాగాలు కొని నా చేతులతో బిగించుకున్నది. రైజెన్ 5 1600, బీ350 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్, 6 జీబీ జీటీఎక్స్ 1060. పెళ్ళయ్యాక ఆడే తీరిక లేక మేనల్లుడికిచ్చేశా.

వాణ్ణి అడిగితే "మామయ్యా, కౌంటర్ స్ట్రైక్ 2లో సరిగ్గా కాల్చే టైముకి బొమ్మ ఆగిపోతోంది. షాపులో మొత్తం మార్చాల్సిందే అన్నారు. ఈఎంఐ కూడా ఉందట. పోనీ, గ్రాఫిక్స్ కార్డొకటైనా కొనిపెట్టవా" అన్నాడు.

నాకు అక్కడే చిర్రెత్తింది. ఆఫీసులో ప్రోగ్రాం నెమ్మదించిందంటే ఎకాయెకిన కొత్త సర్వర్ కొనం (సరే, కొనేవాళ్ళూ ఉన్నారు లెండి!). ఎక్కడ ఆగుతోందో ముందు కొలుస్తాం. మరి ఇంట్లో కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఏమైపోతుంది? జ్వరమొస్తే ధర్మామీటర్ పెట్టకుండానే ఆపరేషన్ చేయించుకుంటామా?

వాడికో చిన్న పరీక్ష చెప్పా. ఆటలో రిజల్యూషన్ 1080 నుంచి 720కి తగ్గించు. బొమ్మ చిన్నదైతే గ్రాఫిక్స్ కార్డుకి పని తగ్గుతుంది. ఫ్రేములు బాగా పెరిగితే బరువంతా కార్డు మీద ఉన్నట్టు. పెరగలేదా, కార్డు చేతులు కట్టుకుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తున్నట్టు. వాడికి పెరగలేదు. 90 దగ్గరున్నవి 90 దగ్గరే ఉన్నాయి. అంటే కార్డు కొనుంటే ఆ డబ్బంతా గోవిందా!

"కానీ మామయ్యా, టాస్క్ మేనేజర్లో ప్రాసెసర్ సగమే వాడుతున్నట్టుంది కదా?" అన్నాడు. మంచి ప్రశ్నే. అది మొత్తం పన్నెండు థ్రెడ్ల సగటు. పన్నెండు కౌంటర్లున్న బ్యాంకులో జనమంతా ఒక్క కౌంటర్ దగ్గరే క్యూ కడితే మిగతావి ఖాళీగానే కనిపిస్తాయి. అంతమాత్రాన క్యూ కదులుతుందా?

ఇంకో తప్పు కూడా బయటపడింది, అది నాదే. 2017లో కక్కుర్తిపడి ఒక్కటే ర్యామ్ స్టిక్ వేశా. "రెండోది తర్వాత వేద్దాంలే" అనుకున్నా, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఒక్క స్టిక్ అంటే ఒకటే ఛానల్, ప్రాసెసర్‌కి సరుకందే దారి సగానికి సగం. తొలితరం రైజెన్లకి అసలే మెమరీ వేగం మీద ఆధారపడటం ఎక్కువ.

అదృష్టమేమిటంటే ఆ బోర్డులో ఉన్నది ఏఎం4 సాకెట్. 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూడా అందులోనే కూర్చుంటుంది. రెండూ 65 వాట్లవే కాబట్టి పవర్ సప్లై మార్చక్కర్లేదు. ఒకటే జాగ్రత్త: పాత ప్రాసెసర్ తియ్యకముందే బయోస్ అప్‌డేట్ చెయ్యాలి, అదీ కరెంటు పోకుండా చూసుకుని. పైగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11 ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో 1600 లేదు, 5600 ఉంది. ఒక దెబ్బకి రెండు పిట్టలు.

అదే షాపువాళ్ళ మాట వినుంటే? కొత్త సాకెట్ కోసం బోర్డూ మార్చాలి, డీడీఆర్5 ర్యామూ కొనాలి. 2025 చివర్లో మెమరీ కంపెనీలు ఏఐ సర్వర్ల వైపు మొగ్గటంతో ర్యామ్ ధరలు ఎలా ఎగిశాయో తెలిసిందే కదా. అందుకే రెండో స్టిక్ కూడా అదే వేగంది సెకండ్‌హ్యాండ్‌లో వెతికి పట్టుకున్నాం.

అన్నీ కలిపి పధ్నాలుగు వేల లోపే తేలింది. ర్యామ్ డబ్బులు నావే, పాత పాపం కదా! ఫీజు టైముకి కట్టేశారు.

అందరికీ ప్రాసెసరే మందు అనట్లేదు. బొమ్మల ఆర్భాటం ఎక్కువుండే ఆటలు ఆడేవాళ్ళకి ఆ 1060యే అడ్డం అయ్యుండేది. అప్పుడు కార్డు మార్చాలి, దానికి తగ్గ మంచి పవర్ సప్లై ఉందో లేదో కూడా చూసుకోవాలి. అక్కడ మాత్రం పిసినారితనం పనికిరాదు.

నా మటుకు నాకు ఆటలాడటం నేరమేమీ కాదు. బావ అన్నట్టు అమ్మి పారెయ్యటమూ, షాపువాళ్ళన్నట్టు అంతా కొత్తది కొనటమూ, రెండూ కొలవకుండా ఇచ్చిన తీర్పులే. పిల్లాడు చెప్పిన ఇబ్బంది నిజమే, దానికి చెప్పిన ధరే అబద్ధం.

ఇప్పుడు 140 ఫ్రేములు దాటుతున్నాయట. నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు.

"మామయ్యా, మరి గ్రాఫిక్స్ కార్డు?"

"కొలిచావా?"

అటునించి సమాధానం లేదు.