కన్‌స్ట్రెయింట్‌ని పీకకండి, వాయిదా వేయండి

డేటా లోడ్ మధ్యలో "పేరెంట్ కీ నాట్ ఫౌండ్" అని ఎర్రర్ రాగానే మనవాళ్ళు చేసే పని దాదాపు ఒకటే. ఫారిన్ కీని డిజేబుల్ చేస్తారు, లోడ్ కానిస్తారు, మళ్ళీ ఎనేబుల్ చేస్తారు. నేను పనిచేసిన ప్రతిచోటా ఇలాంటి స్క్రిప్టు ఒకటైనా తగిలింది. తలుపు బిగుసుకుపోయిందని తలుపే పీకి పక్కన పెట్టినట్టుంటుంది నాకు.

అసలు చిక్కు చూడండి. ప్రతి ఉద్యోగికీ ఒక డిపార్ట్‌మెంటు ఉండాలి, ప్రతి డిపార్ట్‌మెంటుకీ ఒక ఉద్యోగి మేనేజరుగా ఉండాలి. రెండు కాలమ్‌లూ ఖాళీగా ఉండకూడదు. కొత్త డిపార్ట్‌మెంటు, దానికో కొత్త మేనేజరు వచ్చారనుకోండి. ఎవరిని ముందు ఇన్సర్ట్ చేస్తారు? పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు!

దీనికి మందు ఎస్‌క్యూఎల్-92 ప్రమాణంలోనే ఉంది. ఆ రెండు ఫారిన్ కీల్లో ఒకదాన్ని డిఫరబుల్ అని ప్రకటిస్తే చాలు, "సెట్ కన్‌స్ట్రెయింట్స్" అన్న ఒక్క లైనుతో తనిఖీని కమిట్ దాకా ఆపొచ్చు. ఆ ఆపడం మీ ట్రాన్సాక్షన్ వరకే. డిజేబుల్ చేస్తే ఒరాకిల్‌లో ఆ టేబుల్‌ని ముట్టుకునే అందరికీ కాపలా పోతుంది. తిరిగి ఎనేబుల్ చేసేటప్పుడు చెడ్డ వరుసలు అడ్డం పడితే, అర్ధరాత్రి ఎవరో ఒకరు "నోవాలిడేట్" కొట్టి నిద్రపోతారు. ఇక ఆ అనాథ వరుసలు రిపోర్టుల్లో తేలేవరకు ఎవరికీ తెలియదు.

మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో ఈ వాయిదా సదుపాయమే లేదు. మైఎస్‌క్యూఎల్‌లో ఫారిన్ కీ తనిఖీ ఆపి మళ్ళీ పెడితే, మధ్యలో దూరినవాటిని అది వెనక్కి వెళ్ళి చూడదు. పోస్ట్‌గ్రెస్‌లో ఫారిన్ కీలకు ముందునుంచీ ఉంది, యునీక్‌కి 2010లో 9.0తో వచ్చింది, చెక్, నాట్ నల్‌లకు లేదు.

వాయిదాకి ఖరీదు లేకపోలేదు. తప్పు ఒకచోట జరిగితే ఎర్రర్ కమిట్ దగ్గర పేలుతుంది, ఒరాకిల్ అయితే ట్రాన్సాక్షన్ మొత్తం వెనక్కి తిప్పేస్తుంది. అందుకే అన్నిటినీ "ఇనిషియల్లీ డిఫర్డ్" చేయడం నాకిష్టం లేదు. ఇమ్మీడియట్‌గానే ఉంచి, అవసరమైన చోట వాయిదా వేసి, కమిట్‌కి ముందు "సెట్ కన్‌స్ట్రెయింట్స్ ఆల్ ఇమ్మీడియట్" అంటే లెక్క అక్కడికక్కడే తేలిపోతుంది.

ఒకటి మాత్రం డిజైన్ నాడే అడగండి. ఒరాకిల్‌లో ఉన్న కన్‌స్ట్రెయింట్‌ని తర్వాత డిఫరబుల్‌గా మార్చడం కుదరదు. అప్పుడు మాత్రం పీకి మళ్ళీ కట్టక తప్పదు.