తోట లేని శిశూద్యానము

కిండర్‌గార్టెన్ అను జర్మన్ పదమునకు పిల్లల తోట యని యర్థము. 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్ పట్టణమున పసిపిల్లలకై విద్యాలయము నెలకొల్పిన ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్, 1840లో దాని కీ పేరు పెట్టెను. అందు నిజముగనే తోట యుండెను. పిల్లలు తమ చిన్న మళ్లలో తామే విత్తి, నీరు పోసి, మొలకకై యెదురుచూచెడివారు. నేడు మన యూళ్లలో వీథివీథిని ఆ పేరు గల బడి కలదు. తోట మాత్రము అరుదు. మూడేండ్ల పసివానిని నాలుగు గోడల నడుమ కూర్చుండబెట్టి అక్షరములు దిద్దించుటయే విద్య యనుకొనుచున్నాము.

తొలకరి వాన వెలిసిన పిదప పిల్లలను బయట విడిచి చూడుడు. ఒకడు ఆరుద్రపురుగును ముట్టును. అది కాళ్లు ముడుచుకొని కదలక యుండును. ఓర్పుతో వేచిననే మరల నడచును. ఒకతె అత్తిపత్తి నంటి, ఆకులు విచ్చుకొనుదాక నిలిచి, మరల నంటును. పరిశీలన, ప్రయోగము, పునఃపరీక్ష యనగా నివియే గదా! మరి కొందరు వాననీటికి మట్టికట్ట వేయుదురు. అది తెగును. తగవులాడుదురు, పిమ్మట తామే కూడి, అడుగు వెడల్పు చేసి మరల కట్టుదురు. ఇందెవ్వరును వారికి పాఠము చెప్పలేదు.

తెలుగు బోధించువాడను గావున మరియొక మాట. ఊట, ఒండ్రు, చివురు, పిందె, దోర – ఈ పదములను నిఘంటువు నేర్పజాలదు. దోరజామకాయ కొరికిన బాలునకు ‘దోర’ యన నేమో చెప్ప నక్కరలేదు; కొరకనివానికి ఎంత చెప్పినను తెలియదు. అట్టి విద్యార్థికి కావ్యములోని ఋతువర్ణన ప్రతిపదార్థముగనే మిగులును.

పురుగుపుట్ర, ఎండ, వాహనములు – తలిదండ్రుల భయము నిరాధారము కాదు. అందుచే ఉపాధ్యాయుడు కాపుండవలెను; కాని ఆటను నడుపరాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడికి ఆటస్థల ముండవలె నన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వారికి ఆటలతో కూడిన బోధన కోరినది. అయినను పెక్కుచోట్ల ఆటవేళ సైతము వరుసలు, ఈలలు, ఆజ్ఞలు!

దినమున కొక గంట, ఒక చెట్టునీడ, ఇసుకకుప్ప, కుండెడు నీరు – ఆరంభమున కివి చాలును. ఉపాధ్యాయులారా! ఆ గంటలో పిల్లవాడు మట్టిచేతులతో పరుగెత్తివచ్చి ‘ఇదేమిటండీ?’ యని యడిగినచో, చేతులు కడుగుకొమ్మని పంపుటకు ముందు వాని ప్రశ్న వినుడు.