మన కాగజాత్‌కు మన తాలా

ఇంటర్నెట్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న ఈ-ఆధార్ ఫైలుకు పాస్‌వర్డ్ ఏమిటో అందరికీ తెలుసు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. ఇప్పుడు రాజమండ్రి నుంచి నరసాపురం దాకా మన మొహల్లాల్లో ఎన్ని పేర్లు షేక్, మహమ్మద్, సయ్యద్, పఠాన్ అని మొదలవుతాయో లెక్కేసుకోండి. పేరు షేక్‌తో మొదలైతే సగం పాస్‌వర్డ్ ముందే తెలిసిపోయినట్టు. ఇక మిగిలింది వయసు. మనిషిని చూసి అందాజాగా లెక్కగట్టినవాడు నాలుగైదు ప్రయత్నాల్లో ఫైలు తెరిచేస్తాడు. అది తాలా కాదు, తలుపుకి కట్టిన దారం.

అందుకే నేననేది, మన కాగజాత్‌కు మన సొంత తాలా వేసుకోవాలి. దాని చాబీ ఇంట్లో ఇంకొకరి చేతిలో కూడా ఉండాలి. రెండూ ఉంటేనే హిఫాజత్.

కాగితాలు కాపాడుకోవడం గోదావరి మనుషులకు ఎవరూ నేర్పక్కర్లేదు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. పట్టా, నికాహ్‌నామా, రేషన్ కార్డు ప్లాస్టిక్ కవరులో చుట్టి, ట్రంకు పెట్టెలో పెట్టి అటకెక్కించే అలవాటు మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. అప్పుడు ఖత్రా కాగితం తడిసిపోవడం. ఇప్పుడు ఖత్రా దాని నకలు ఊరంతా తిరగడం.

కువైట్ వీసా కోసం పాస్‌పోర్టు, బ్యాంకు పుస్తకం ఏజెంటుకి వాట్సాప్‌లో పంపిస్తాం. నెట్ సెంటర్లో స్కాన్ చేయించి, డబ్బులిచ్చి వచ్చేస్తాం. ఫైలు మాత్రం ఆ కంప్యూటర్లోనే ఉండిపోతుంది. వాట్సాప్‌లో 2016 నుంచి పూర్తి ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అంటారు. ఉంది. కానీ అది దారిలో ఉన్నంతసేపే కాపలా. అవతలి ఫోనులో దిగాక ఆ ఫొటో ఎవరి చేతికైనా వెళ్లొచ్చు.

సర్కారు దగ్గరైనా భద్రమే అనుకోవడానికి లేదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.3 లక్షలకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు అందరికీ కనబడేలా ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. నంబరుతో పాటు బ్యాంకు ఖాతా, కులం, మజ్‌హబ్ కూడా. ఏ ఇల్లు ఎవరిదో తెలుసుకోవాలనుకునేవాడికి అలాంటి జాబితా ఎందుకు పనికొస్తుందో మన బిరాదరీకి విడమరిచి చెప్పక్కర్లేదు.

"మన దగ్గర దాచడానికేముంది భాయ్?" అని నన్ను చాలామంది అడుగుతారు. ఎవరింటికైనా వెళ్తే బయట నిలబడి సలాం చెప్పి, ఇజాజత్ అడిగి లోపలికి అడుగుపెడతాం. ఆ ఇంట్లో తప్పు జరుగుతోందనా? కాదు, ఆ గడప వాళ్లది కనుక. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. మన తహజీబ్‌కి ఈ మాట పాతదే.

పని కష్టమేమీ కాదు. చిరునామాకో, గుర్తింపుకో అడిగితే, వీలున్న చోటల్లా చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మిగతా కాగజాత్ ఒక ఫోల్డర్లో పెట్టి, సెవెన్-జిప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఏఈఎస్-256 ఎన్‌క్రిప్షన్ పెట్టండి. పాస్‌వర్డ్‌గా పిల్లల పేర్లు, పుట్టినరోజులు వద్దు. లాంతరు, చట్నీ, రేవు, బారాత్... ఇలా ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలు, ఉర్దూ తెలుగు కలిపి పెట్టుకోండి. (ఇవే పెట్టుకోకండి, నేను అందరికీ చెప్పేశాను!) ఫైలు వాట్సాప్‌లో పంపితే పాస్‌వర్డ్ ఫోన్ చేసి చెప్పండి. రెండూ ఒకే చోట పంపితే తాలాకు చాబీ వేలాడదీసినట్టే.

ఇక అసలు మాట. గట్టి ఎన్‌క్రిప్షన్‌కు మారు తాళంచెవి ఉండదు. పాస్‌వర్డ్ పోతే ఫైలు పోయినట్టే. మన ఇళ్లలో ఆ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంటుంది? ఇంటి పెద్దాయన దగ్గర, అదీ ఆయన బుర్రలో. "ఔరత్‌లకు ఇవన్నీ ఎందుకు" అనే మాట చదువుకున్నవాళ్ల నోట కూడా విన్నాను. ఆయన ఇంతెకాల్ అయ్యాక, ఇద్దత్‌లో కూర్చున్న బేవా చేతిలో తెరుచుకోని ఫోను మిగులుతుంది. బీమా పాలసీ ఏ కంపెనీదో తెలియదు, పొలం దస్తావేజు స్కాన్ ఎక్కడుందో తెలియదు. విరాసత్‌లో భార్యకూ కూతుళ్లకూ హిస్సా ఖురాన్ ఇచ్చింది. కాగజాత్‌కు తాళం వేసి చాబీ వాళ్లకు దొరకకుండా చేస్తే, ఆ హిస్సాకే తాళం వేసినట్టు. అది జాగ్రత్త కాదు, అమానత్‌లో ఖయానత్.

పాస్‌వర్డ్‌ను ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, ఒరిజినల్స్ ఉన్న ఆ ట్రంకు పెట్టెలోనే పెట్టండి. అది అక్కడుందని బేగంకు చెప్పండి, చదువుకున్న కూతురికి చెప్పండి. ఫైలు ఎలా తెరవాలో వాళ్ల చేత ఒకసారి తెరిపించి చూపండి. పాస్‌వర్డ్ మార్చినప్పుడు కవరులో కాగితం కూడా మార్చండి. తాలా బయటివాళ్లకు. ఇంటివాళ్లకు చాబీ ఇవ్వాల్సిందే.