మనకన్నా ముందే మన కథ చెప్పిన సీరియల్

ప్రవాసంలో ఉన్న మనం ఇంటికొచ్చి టీవీ పెడితే తెలుగు సీరియళ్ళు, తెలుగు సినిమాలే చూస్తాం. తప్పులేదు. కానీ వలస వచ్చినవాడి బతుకేమిటో సూటిగా చూపించిన ఓ అమెరికన్ సీరియల్ పేరు మనలో చాలామందిమి వినలేదు. అదే ‘ఏలియన్ నేషన్’.

1988లో వచ్చిన అదే పేరు గల సినిమా ఆధారంగా కెన్నెత్ జాన్సన్ దీన్ని తీశారు. 1989 సెప్టెంబరు నుంచి 1990 మే దాకా ఫాక్స్ ఛానల్‌లో వచ్చింది. పైకి చూస్తే పోలీసు కథే. లాస్ ఏంజెలెస్‌లో ఇద్దరు డిటెక్టివులు. ఒకడు మాథ్యూ సైక్స్, మనిషి. రెండోవాడు జార్జ్ ఫ్రాన్సిస్కో, వేరే గ్రహం వాడు. మొజావే ఎడారిలో దిగిన అంతరిక్ష నౌకలో వచ్చింది సైన్యం కాదు, రెండున్నర లక్షల మంది బానిస కూలీలు. ఎంతటి కష్టమైన చోటైనా పనిచేసేలా పెంచిన జనం. అమెరికా వాళ్ళకిచ్చిన పేరు ‘న్యూకమర్స్’, అంటే కొత్తగా వచ్చినవాళ్ళు.

ఇక పేర్ల సంగతి చూడండి. వాళ్ళ పేర్లు నోరు తిరగని ఇమ్మిగ్రేషన్ వాళ్ళు తోచిన పేర్లు అంటగట్టారు, వెటకారంగా కూడా. పోలీసు స్టేషన్‌లో ఊడ్చే అమాయకుడి పేరు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్! ఇంటిపేరు ముందా, అసలు పేరు ముందా అని కౌంటర్ దగ్గర తికమకపడి, వీసా మీద ‘ఎఫ్ఎన్‌యూ’ అని, అంటే పేరు తెలియదని, వేయించుకున్న మనవాళ్ళకి ఈ బాధ వేరే చెప్పాలా?

జార్జ్ కూతురు ఎమిలీ మనుషుల బడిలో చేరబోతే జనం గుమిగూడి అడ్డుపడతారు. ‘ప్యూరిస్టులు’ అనే ముఠా వీళ్ళని వెళ్ళగొట్టాలంటుంది. కల్పనే కదా అని కొట్టిపారేయలేం. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో మన తెలుగు ఇంజనీరుని ‘మా దేశం నుంచి పో’ అంటూ కాల్చి చంపారు.

అయితే ఈ సీరియల్ మెచ్చుకోదగ్గది అందుకొక్కందుకే కాదు. నేరమంతా మనుషుల మీదే నెట్టదు. నౌకలో ఈ కూలీలని మత్తు గ్యాసుతో లొంగదీసి కాపలా కాసిన ‘ఓవర్‌సీర్లు’ కూడా వాళ్ళ జాతివాళ్ళే. భూమ్మీద దిగాక వాళ్ళు జనంలో కలిసిపోయి మళ్ళీ తమవాళ్ళనే పీడిస్తారు. మనకి ఇది తెలియనిదా? గల్ఫ్‌కి పంపుతానని అప్పుచేయించి లక్షలు గుంజేదెవరు? విజిట్ వీసా చేతిలో పెట్టి ఎడారిలో వదిలేసేదెవరు? బెంచి మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టేదెవరు? చాలాసార్లు మన భాష మాట్లాడేవాడే, ‘తమ్ముడూ, నేనున్నాగా’ అన్నవాడే. బయటివాడి మీద కోపం చూపించడం తేలిక. మనలోని ఓవర్‌సీర్‌ని వేలెత్తి చూపించడానికే మనకి నోరు రాదు. ‘మనవాడే కదా’ అని సర్దుకుపోతాం. ఆ మాటే వాడికి పెట్టుబడి.

ఇంత మంచి సీరియల్ 22 భాగాలతోనే ఆగిపోయింది. డబ్బు ఇబ్బందుల్లో ఫాక్స్ దాన్ని తీసేసింది. జార్జ్ భార్యాబిడ్డలు ప్రాణాపాయంలో ఉండగా కథ నడిమధ్యన తెగిపోయింది. అభిమానులు వదల్లేదు. 1994లో ఓ టీవీ సినిమాతో ఆ కథ ముగించారు. 1997 దాకా మొత్తం ఐదు సినిమాలొచ్చాయి.

మేకప్ పాతదనిపిస్తుంది, నడక నెమ్మది. అయినా డీవీడీ దొరికితే పిల్లలతో కూర్చుని చూడండి. చూశాక వాళ్ళు ఒక ప్రశ్న అడుగుతారు: మనం ఇక్కడికి ఎలా వచ్చాం, మనల్ని ఎవరు తెచ్చారు? దానికి నిజమే చెబుదాం. మోసం చేసింది మనవాడైతే అదీ చెబుదాం. ఊళ్ళో విమానం ఎక్కబోతున్న మరో తమ్ముడికి అంతకన్నా పెద్ద సాయం లేదు.