మంచి గొంతు వస్తే తగువు తీరిందా?

హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ అభిమానుల మధ్య తెగని పంచాయితీ ఒకటుంది: గాయకుల్లో ఓజీ ఆస్బోర్న్ గొప్పా, రానీ జేమ్స్ డియో గొప్పా? 1979లో ఓజీని తప్పించి, ఆ చోటికి డియోను తెచ్చుకున్నారు. శ్రుతి, స్థాయి, ఊపిరి, ఏ లెక్కన చూసినా డియోదే పైచేయి. 1980లో వచ్చిన ‘హెవెన్ అండ్ హెల్’ ఆల్బమ్ బ్యాండ్‌కు ఊపిరి పోసింది కూడా. డియో 2010లో, ఓజీ 2025లో పోయారు. తగువు మాత్రం బతికే ఉంది. దీన్ని అభిమానుల మొండితనంగా కొట్టిపారేయలేం. కారణం ఆ పాటల కట్టుబడిలోనే ఉంది.

‘ఐరన్ మ్యాన్’ వినండి. టోనీ అయోమీ గిటార్ ఏ వరసలో నడుస్తుందో, ఓజీ గొంతు కూడా అడుగులో అడుగేస్తూ అదే వరసలో పోతుంది. సంగతులు లేవు, విన్యాసాలు లేవు. కొంచెం ముక్కుతో పలికే ఆ గొంతులో ఒక బెదురు ఉంటుంది. అంత బరువైన గిటార్ కింద మనిషి నలిగిపోతున్నాడని నమ్మించేది ఆ బెదురే. డియో అలా పాడడు. గిటార్ తన దారిన తాను పోతుంటే, ఆయన దానిమీదుగా వేరే వరస అందుకుని ఎగిరిపోతాడు. దాంతో బ్యాండ్ పాట కట్టే తీరే మారిపోయింది. 2006లో డియోతో మళ్లీ కలిసినప్పుడు అయోమీ బృందం పాత పేరు వాడలేదు, ‘హెవెన్ అండ్ హెల్’ అనే పేరుతోనే కచేరీలు చేసింది. అందులో వ్యాపార లెక్కలూ ఉండొచ్చు గానీ, చెవికి మాత్రం అది న్యాయంగానే తోస్తుంది.

గొంతు మేలైనంత మాత్రాన తగువు తీరదన్న సంగతి సినిమా పాటతో పెరిగిన మనకు ఒక పట్టాన మింగుడుపడదు. అక్కడ ముందు వరస కడతారు, ఆపైన దానికి తగిన గాయకుణ్ణి పిలుస్తారు. టీవీ పాటల పోటీల్లోనూ పాత పాటను తప్పు లేకుండా ఎవరు దించారన్నదే లెక్క. ఆ కొలత ఆ పనికి సరైనదే. బ్యాండ్‌లో వ్యవహారం తిరగబడుతుంది: గాయకుడు ముందే ఉంటాడు, పాట అతని గొంతు చుట్టూ పుడుతుంది. 1967లో ‘విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్’ పాటను బీటిల్స్ బ్యాండ్‌లోని లెనన్, మెకార్ట్నీ తమ డ్రమ్మర్ రింగో స్టార్ కోసం కట్టారు. అతనికి అందే కొద్దిపాటి స్వరాల్లోనే వరసను నిలిపారు. మరుసటి ఏడాది జో కాకర్ అదే పాటను గొంతు చించుకుని పాడి బ్రిటన్‌లో నంబర్ వన్ చేశాడు. అయినా రింగో పాట చెల్లకుండా పోలేదు. పెద్దగా పాడలేని వాడు స్నేహితుల సాయం అడగడంలోనే దాని అందమంతా ఉంది.

అలాగైతే సాధన ఎందుకు, ఎవరైనా పాడొచ్చు కదా అంటారు. ఫ్రెడీ మెర్క్యురీ లేని క్వీన్‌ను ఊహించి చూస్తే ఆ మాట నిలవదు. ఆ పాటలు అంత గొంతునూ అడుగుతాయి. పింక్ ఫ్లాయిడ్ సంగతి ఇంకా తేటగా ఉంటుంది. ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’కి వేరే గొంతు కావాలనుకుని, 1973లో క్లేర్ టోరీని స్టూడియోకి పిలిపించారు. మాటల్లేవు, రాసిచ్చిన వరస లేదు. తన గొంతును ఒక వాద్యంగా అనుకుని ఆమె అక్కడికక్కడే పాడింది. అందుకు ముట్టింది 30 పౌండ్లు. చాలా ఏళ్ల తర్వాత ఆమె కోర్టుకెక్కింది. 2005లో రాజీ కుదిరి, స్వరకర్తగా బ్యాండ్ కీబోర్డ్ వాద్యకారుడు రిచర్డ్ రైట్ పక్కన ఆమె పేరూ చేరింది.